బట్వాడా డైరీ: ప్రాసెస్‌ల మధ్య సందేశాలను దారి పట్టించే రౌటర్ నిర్మాణం

1వ రోజు

ఒకే లినక్స్ యంత్రం మీద నడిచే ఐదు ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) మధ్య సందేశాలను చేరవేసే చిన్న రౌటర్‌ను సీ భాషలో రాయడం ఈరోజు మొదలుపెట్టాను. దానికి బట్వాడా అని పేరు పెట్టుకున్నాను. ఈ ఐదింటిలో ఒకటి సెన్సర్ల నుంచి ఉష్ణోగ్రతను, పీడనాన్ని చదువుతుంది. ఒకటి ఆ విలువలను డిస్క్‌లో దాస్తుంది. ఒకటి తెర మీద చూపిస్తుంది. ఒకటి హద్దు దాటిన విలువ కనబడగానే హెచ్చరిక జారీ చేస్తుంది. చివరిది జరిగినదంతా లాగ్‌లో రాస్తుంది. ఈ డైరీలో వాటిని వరుసగా కొలత, నిల్వ, తెర, హెచ్చరిక, చిట్టా అని పిలుస్తాను.

ఇంతవరకు ఇవి పైపుల (ఒక ప్రాసెస్ రాసినదాన్ని మరొకటి చదివే దారుల) ద్వారా నేరుగా మాట్లాడుకునేవి. ఐదింటిలో ప్రతి జంటకూ ఒక దారి కావాలంటే 10 దారులు వేయాలి. ప్రాసెస్‌లు ఎనిమిదైతే 28 వేయాలి. దారుల లెక్క కన్నా నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన విషయం మరొకటి ఉంది. నిల్వను ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడల్లా దానితో మాట్లాడే ప్రతి ప్రాసెస్‌లోనూ పైపు తెగిపోయేది, తెగిన పైపును తిరిగి కలిపే కోడ్ ఒక్కో ప్రాసెస్‌లో ఒక్కో తీరుగా ఉండేది, అందులో ఏ ఒక్కటీ పూర్తిగా సరిగ్గా ఉండేది కాదు. మధ్యలో ఒక రౌటర్ ఉంటే ప్రతి ప్రాసెస్ దానితో మాత్రమే కలుస్తుంది కనుక, ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్న లెక్క ఒక్క చోటే ఉంటుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఈరోజే రాసి పెట్టుకుంటున్నాను. నేరుగా పంపితే సందేశం పంపేవారి నుంచి కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగానికి), కెర్నల్ నుంచి అందుకునేవారికి రెండుసార్లు నకలవుతుంది. మధ్యలో రౌటర్ ఉంటే నాలుగుసార్లు నకలవుతుంది, ఒక ప్రాసెస్ అదనంగా నిద్ర లేవాలి. ఆండ్రాయిడ్‌లో ప్రాసెస్‌ల మధ్య సందేశాలు చేరవేసే బైండర్ ఈ ఖర్చును తప్పించుకోవడానికి రౌటింగ్‌ను కెర్నల్ లోపలే చేస్తుంది: అందుకునేవారి బఫర్‌ను కెర్నల్ ముందే మ్యాప్ చేసి ఉంచుతుంది కనుక ఒక్క నకలుతో పని పూర్తవుతుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లలో ప్రాసెస్‌ల మధ్య సందేశాలు చేరవేసే డీ-బస్ తరహా రౌటింగ్‌ను లినక్స్ కెర్నల్‌లోకి తేవాలని 2014, 2015 ప్రాంతంలో కేడీబస్ పేరుతో జరిగిన ప్రయత్నం ప్రధాన కెర్నల్‌లో చేరలేదు. నా సందేశాలు ఎక్కువగా వంద బైట్ల లోపువే కాబట్టి నాలుగు నకళ్ల ఖర్చును భరించడానికి నిశ్చయించుకున్నాను. సిద్ధంగా ఉన్న డీ-బస్‌నే వాడుకోవచ్చు కదా అంటే, వాడుకోవచ్చు. దాని నియమాలు అలా ఎందుకు ఉన్నాయో చేతులారా కట్టి తెలుసుకోవాలన్నదే ఈ పని వెనక ఉన్న కోరిక.

3వ రోజు

ఒకే యంత్రంలోని ప్రాసెస్‌లను కలిపే యూనిక్స్ డొమైన్ సాకెట్ వాడాలని ముందే అనుకున్నాను. అందులో ఏ రకం అన్నది తేలడానికి ఒక పూట పట్టింది. సీక్వెన్స్‌డ్ ప్యాకెట్ రకం సందేశాల హద్దులను తానే కాపాడుతుంది, అది పెద్ద సౌకర్యం. అయితే ఒక్కో సందేశం పంపే బఫర్‌లో పట్టాలి, పట్టకపోతే కెర్నల్ దాన్ని తిరస్కరిస్తుంది. స్ట్రీమ్ రకంలో ఆ అడ్డు లేదు కానీ, ఒక సందేశం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో మనమే చూసుకోవాలి. డీ-బస్ స్ట్రీమ్‌నే వాడుతుంది. నేనూ అదే ఎంచుకున్నాను.

ప్రతి సందేశం ముందు ఉండే హెడర్ 24 బైట్లు. మొదటి నాలుగు బైట్లలో వెర్షన్, సందేశ రకం, జెండాలు (అవును-కాదు గుర్తులు), గమ్యం పేరు పొడవు ఒక్కొక్క బైట్ చొప్పున ఉంటాయి. ఆ తరువాత నాలుగేసి బైట్ల అంకెలు ఐదు: విషయం పొడవు, సీరియల్ సంఖ్య (పంపేవారు తమ ప్రతి సందేశానికీ వేసే వరుస సంఖ్య), ఏ సీరియల్‌కు ఇది జవాబో ఆ సంఖ్య, పంపినవారి సంఖ్య, గమ్యం సంఖ్య. పేరు పొడవుకు ఒక్క బైటే ఇచ్చాను కనుక 255 బైట్ల పరిమితి దానంతటదే ఏర్పడింది. డీ-బస్‌లో కూడా పేరు 255 బైట్లు దాటకూడదు. అందులో సందేశ రకాలు నాలుగు: పిలుపు, జవాబు, లోపం, సంకేతం. వాటిని నేను మార్చకుండా అలాగే తీసుకున్నాను, ఎందుకంటే ఐదో రకం కావలసిన సందర్భం ఎంత ఆలోచించినా దొరకలేదు.

4వ రోజు

నిన్న రాత్రి పరీక్ష మొదలైన కొద్దిసేపటికే రౌటర్ ఆగిపోయింది. చనిపోలేదు, సీపీయూ వాడలేదు, దేనికోసమో ఎదురు చూస్తూ అలా ఉండిపోయింది. జరిగినదాన్ని బైట్ బైట్‌గా చూశాను కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కొలత పంపే ఒక్కో సందేశం 24 బైట్ల హెడర్, 8 బైట్ల పేరు, 40 బైట్ల విషయం కలిపి 72 బైట్లు. అది వెంటవెంటనే రెండు సందేశాలు పంపింది, మొత్తం 144 బైట్లు. నేను చదివే బఫర్ 128 బైట్లు. ఒకే రీడ్ పిలుపులో 128 బైట్లు వచ్చాయి: మొదటి సందేశం పూర్తిగా, రెండోదానిలో 56 బైట్లు. నా కోడ్ మొదటిదాన్ని సరిగ్గా పంపించి, మిగిలిన 56 బైట్లను అవతల పారేసింది. తరువాతి రీడ్‌లో ఆ రెండో సందేశం తోకలో మిగిలిన 16 బైట్లు ముందుగా వచ్చాయి, వాటి వెనక మూడో సందేశం వచ్చింది. కోడ్ ఆ తోకనే హెడర్ అనుకుంది. పొడవు ఉండవలసిన నాలుగు బైట్ల చోట 23.5 అన్న ఉష్ణోగ్రత అక్షరాలుగా ఉంది. ఆ నాలుగు అక్షరాల బైట్లను లిటిల్ ఎండియన్ (చిన్న విలువ గల బైట్ ముందుండే) అంకెగా చదివితే 89,22,20,210 అవుతుంది. దాదాపు 89 కోట్ల బైట్ల విషయం రాబోతోందని నమ్మిన రౌటర్ దానికోసం ఎదురు చూస్తూ కూర్చుంది.

దిద్దుబాటు మూడు చోట్ల చేశాను. ప్రతి కనెక్షన్‌కూ సొంత బఫర్ ఇచ్చి, సందేశం సగంలో ఆగితే ఆ సగాన్ని తరువాతి రీడ్ వరకు దాచాను. వెర్షన్ బైట్ తప్పుగా ఉంటే ఆ కనెక్షన్‌ను వెంటనే మూసేశాను. స్ట్రీమ్‌లో ఒకసారి హద్దు తప్పాక దాన్ని మళ్లీ నమ్మకంగా పట్టుకునే మార్గం లేదు, కాబట్టి ఊహించి ముందుకు వెళ్లడం కన్నా తెంచుకోవడమే మేలు. ఇక విషయం పొడవుకు ఒక మెగాబైట్ పరిమితి పెట్టాను. డీ-బస్ ఒక సందేశాన్ని 128 మెగాబైట్ల వరకు అనుమతిస్తుంది, నాకు అంత అవసరం లేదు.

7వ రోజు

ఈరోజు వచ్చిన తప్పు ఈ మొత్తం పని మీద నా దృష్టినే మార్చింది. ఇంతవరకు రౌటింగ్ అంటే గమ్యం చూసి, పట్టికలో వెతికి, సరైన సాకెట్‌లోకి రాయడమని అనుకున్నాను. ఆ వెతుకులాటకు పది వరుసల కోడ్ చాలు. గమ్యం అనే మాట వెనక ఉన్న ప్రాసెస్ మధ్యలో మారిపోతే ఏం జరగాలన్న ప్రశ్నకే మిగతా కోడంతా అవసరమవుతోంది.

ప్రతి ప్రాసెస్‌కూ ఒక సంఖ్య కావాలి కదా అని, దాని కనెక్షన్‌కు కెర్నల్ ఇచ్చిన ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచి ఉన్న ఫైల్‌ను లేదా సాకెట్‌ను గుర్తించే) సంఖ్యనే చిరునామాగా వాడుకున్నాను. పట్టిక వెతకడం అర్రేలో ఒక గడిని చూసినంత తేలికైంది. తెరకు 9 వచ్చింది. తెర తన 3వ సీరియల్‌తో, గడిచిన గంట ఉష్ణోగ్రతలు ఇవ్వమని నిల్వను అడిగింది. నిల్వ డిస్క్ చదువుతుండగా తెర కూలిపోయింది, రౌటర్ 9ని మూసేసింది. సరిగ్గా ఆ సమయంలో హెచ్చరిక మళ్లీ మొదలై రౌటర్‌తో కలిసింది. ఖాళీగా ఉన్నవాటిలో అతి చిన్న డిస్క్రిప్టర్‌నే ఇవ్వాలన్నది పోసిక్స్ (యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) నియమం కనుక దానికి కూడా 9 వచ్చింది. అది తన 3వ సీరియల్‌తో, ఇప్పటి పీడనం ఎంత అని కొలతను అడిగింది. ఇంతలో నిల్వ తన జవాబును తయారు చేసి, 9కి, 3వ సీరియల్‌కు జవాబుగా పంపింది. హెచ్చరిక దృష్టిలో ఆ జవాబులో తప్పేమీ లేదు: చిరునామా తనదే, సీరియల్ తనదే. గంటసేపటి ఉష్ణోగ్రతల పట్టికలో మొదటి నాలుగు బైట్లను పీడనంగా చదువుకుని, ఎక్కడా లేని పీడనానికి హెచ్చరిక మోగించింది.

ప్రతి ప్రాసెస్ సీరియల్‌ను 1 నుంచి మొదలుపెడుతుంది కాబట్టి ఇలాంటి కలయిక అరుదుగా జరుగుతుందని కూడా అనుకోలేం. డీ-బస్‌లో కలిసిన ప్రతి కనెక్షన్‌కూ :1.42 వంటి విశిష్ట నామం ఇచ్చి, ఆ బస్ బతికి ఉన్నంతకాలం దాన్ని మరొకరికి ఇవ్వకూడదన్న నియమం ఎందుకు పెట్టారో ఈరోజు నాకు పూర్తిగా అర్థమైంది. ఇప్పుడు రౌటర్ ప్రతి కొత్త కనెక్షన్‌కూ పెరుగుతూ పోయే 32 బిట్ల సంఖ్య ఇస్తోంది. సెకనుకు ఒక కొత్త కనెక్షన్ చొప్పున వచ్చినా ఆ సంఖ్యలు అయిపోవడానికి 136 ఏళ్లు పడుతుంది. అయిపోతే కొత్తవారిని చేర్చుకోవడం మానేయాలి తప్ప మళ్లీ మొదటికి వెళ్లకూడదని కోడ్‌లో రాశాను.

పంపినవారి సంఖ్యను కూడా ఈరోజు నుంచి రౌటరే రాస్తుంది. ప్రాసెస్ ఆ గడిలో ఏం రాసి పంపినా రౌటర్ దాన్ని చెరిపి, ఏ కనెక్షన్ నుంచి వచ్చిందో ఆ సంఖ్య వేస్తుంది. అందుకునేవారు ఆ ఒక్క గడిని నమ్మవచ్చు. ఎవరి అనుమతితో నడుస్తున్న ప్రాసెస్ అన్నది మాత్రం సాకెట్‌నే అడగాలి: పీర్ క్రెడెన్షియల్స్ అనే సాకెట్ ఆప్షన్ కలిసిన క్షణంలో ఉన్న ప్రాసెస్ సంఖ్యను, యూజర్ సంఖ్యను, గ్రూప్ సంఖ్యను ఇస్తుంది. అందులోని ప్రాసెస్ సంఖ్యను చిరునామాగా వాడుకుంటే మళ్లీ ఇదే తప్పు చేసినట్టవుతుంది, ఎందుకంటే కెర్నల్ ప్రాసెస్ సంఖ్యలను కూడా తిరిగి వాడుకుంటుంది.

10వ రోజు

సంఖ్యలు యంత్రానికి సరిపోతాయి, కోడ్ రాసేవారికి పేర్లు కావాలి. నిల్వ ఇప్పుడు 17గా ఉందో 41గా ఉందో తెరకు తెలియాల్సిన పని లేదు, నిల్వ అని పిలిస్తే చేరాలి. పేరు నుంచి సంఖ్యకు ఒక హ్యాష్ పట్టిక పెట్టాను. ఒకే పేరు ఇద్దరు అడిగితే ఏం చేయాలన్న ప్రశ్నకు డీ-బస్‌లో మంచి జవాబు ఉంది: అడిగేవారు తమను తప్పించడానికి ఒప్పుకుంటారా, ఉన్నవారిని తప్పించాలనుకుంటున్నారా, వరుసలో నిలబడటానికి సిద్ధమా అన్నవి మూడు జెండాల ద్వారా చెబుతారు. నాకు మూడోది మాత్రమే అవసరమనిపించింది. పేరు ఖాళీ లేకపోతే వరుసలో నిలబడతారు, ఉన్నవారు పోగానే వరుసలో మొదటివారికి పేరు దక్కుతుంది.

ఇక్కడే ఒక సూక్ష్మమైన చిక్కు ఉంది. చిట్టాను పొడవుగా పంపడానికి రెండు దశల పద్ధతి పెట్టుకున్నాను: మొదట తెరువు అని ఒక పిలుపు, జవాబులో ఒక టోకెన్, ఆ టోకెన్‌తో రాయి అని తరువాతి పిలుపులు. తెరువు పిలుపు పాత నిల్వకు చేరింది. అది ఆగిపోయి వరుసలోని కొత్త నిల్వకు పేరు దక్కింది. రాయి పిలుపు కొత్తదానికి చేరింది. కొత్తదానికి ఆ టోకెన్ ఏమిటో తెలియదు. అదృష్టవశాత్తు అది లోపం తిప్పి పంపింది; టోకెన్లు రెండింటిలోనూ 1 నుంచి మొదలై ఉంటే ఒకరి సమాచారం మరొకరి ఫైల్‌లో పడేది.

అందువల్ల రౌటర్‌తో మాట్లాడటానికి ప్రాసెస్‌లు వాడే క్లయింట్ లైబ్రరీలో ఒక నియమం చేర్చాను. సంభాషణలో మొదటి పిలుపు పేరుతో వెళ్లవచ్చు. జవాబు మీద రౌటర్ వేసిన సంఖ్య కనబడుతుంది కనుక, ఆ సంభాషణలోని మిగతా పిలుపులన్నీ ఆ సంఖ్యకే వెళ్లాలి. ఆ సంఖ్య పోతే పిలుపు లోపంతో తిరిగి వస్తుంది, క్లయింట్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. పేరు చేతులు మారిందన్న సంకేతాన్ని కూడా రౌటర్ పంపుతుంది. ఆ సంకేతం కొత్త యజమాని పంపే ఏ సందేశానికన్నా ముందే అందరి క్యూలలోకి (పంపడానికి వేచి ఉన్న సందేశాల వరుసలలోకి) చేరాలి. రౌటర్ ఒకే త్రెడ్‌తో (ఒక్కసారికి ఒకే పని చేసే ఒకే వరుసలో) నడుస్తోంది కనుక ఈ క్రమం నాకు శ్రమ లేకుండా దక్కింది. రౌటర్‌ను అనేక త్రెడ్‌లకు విస్తరించాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఈ ఒక్క కారణం చూసి వెనక్కు తగ్గుతున్నాను.

12వ రోజు

జవాబుల దారి. జవాబు మీద గమ్యం సంఖ్య ఉండనే ఉంటుంది, దాన్ని చూసి పంపితే సరిపోతుంది కదా అని మొదట అనిపించింది. అయినా ఎవరు ఎవరిని ఏ సీరియల్‌తో అడిగారో రాసి ఉంచే పట్టిక ఒకటి అవసరమని తేలింది. దానివల్ల రెండు పనులు జరుగుతున్నాయి. అడగని జవాబును ఎవరూ ఎవరికీ పంపలేరు, అది మొదటిది. అడిగించుకున్న ప్రాసెస్ జవాబివ్వకుండా చనిపోతే, దాని కోసం ఎదురు చూస్తున్నవారందరికీ రౌటరే లోపం పంపగలదు, ఇది రెండోది, దీని విలువ ఎక్కువ. ఈ ఏర్పాటు లేకపోతే అడిగినవారు గడువు తీరేదాకా కాచుకోవాలి. డీ-బస్ ప్రధాన లైబ్రరీలో మామూలు గడువు 25 సెకన్లు, తెర ముందు కూర్చున్న మనిషికి అది చాలా ఎక్కువ సమయం.

లేని గమ్యానికి పంపితే ఏం చేయాలన్న విషయంలో వేర్వేరు సాఫ్ట్‌వేర్లు వేర్వేరు దారులు తొక్కాయి. జీరోఎంక్యూ అనే సందేశాల లైబ్రరీలోని రౌటర్ సాకెట్, గమ్యం దొరకని సందేశాన్ని మామూలుగా చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. మ్యాండేటరీ అనే ఆప్షన్ పెడితేనే పంపినవారికి లోపం చెబుతుంది. డీ-బస్ మాత్రం అటువంటి సేవ లేదని పిలిచినవారికి వెంటనే లోపం పంపుతుంది. పిలుపు విషయంలో డీ-బస్ పద్ధతే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. జవాబు కోసం ఒకరు కాచుకున్నారని తెలిసి కూడా సందేశాన్ని మౌనంగా పారేయడం వల్ల, తప్పు ఒక చోట జరిగి దాని లక్షణం మరోచోట, చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

15వ రోజు

సంకేతాలకు గమ్యం ఉండదు, విషయం ఉంటుంది. కొలత/ఉష్ణం/1 అన్న విషయంతో సంకేతం వెళితే, ఆ విషయం కావాలని చెప్పుకున్నవారందరికీ అది చేరాలి. చందాదారులు ఇచ్చిన ప్రతి నియమంతోనూ ప్రతి సంకేతాన్ని సరిపోల్చే కోడ్ గంటలో రాశాను, అది పని చేసింది. తరువాత విషయాన్ని వాలుగీతల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో కొమ్మ ఉండే చెట్టుగా నియమాలను అమర్చాను. వేగం కోసమే ఈ మార్పు మొదలుపెట్టాను గాని, దానివల్ల ఒక తప్పు కూడా పోయింది: అక్షరాల వారీగా మొదటి భాగాన్ని సరిపోల్చినప్పుడు, కొలత/ఉష్ణం/1 మీద పెట్టిన నియమానికి కొలత/ఉష్ణం/12 కూడా తగిలేది. డీ-బస్ నియమాల్లో పాత్ నేమ్‌స్పేస్ అన్న షరతు కూడా ముక్కల హద్దునే చూస్తుంది.

ఒకే ప్రాసెస్ ఇచ్చిన రెండు నియమాలు ఒకే సంకేతానికి సరిపోతే సందేశం ఒక్కసారే వెళ్లాలి. ప్రతి సంకేతానికీ రౌటర్‌లో ఒక వరుస సంఖ్య ఇచ్చి, దాన్ని క్యూలో వేసిన ప్రాసెస్ మీద ఆ సంఖ్యను గుర్తుగా రాస్తున్నాను. గుర్తు అప్పటికే ఉంటే దాటేస్తాను. నలుగురికి వెళ్లే సంకేతానికి నాలుగు నకళ్లు తీయకుండా, ఒకే బఫర్‌ను నాలుగు క్యూలూ చూపిస్తాయి, చివరివారు రాయడం పూర్తి చేయగానే బఫర్ విడుదలవుతుంది.

18వ రోజు నుంచి 22వ రోజు వరకు

ఈ ఐదు రోజులూ ఒకే ప్రశ్న మీద గడిచాయి: అందుకునేవారు నెమ్మదిస్తే రౌటర్ ఏం చేయాలి?

తెరను డీబగ్గర్ కింద ఆపి భోజనానికి వెళ్లి వచ్చేసరికి రౌటర్ జ్ఞాపకం పెరుగుతూ పోయి ఉంది. తెర సాకెట్ నిండిపోయింది, రాయబోతే మళ్లీ ప్రయత్నించు అన్న లోపం వస్తోంది, రౌటర్ బుద్ధిగా ప్రతి సంకేతాన్నీ తెర క్యూలో పోగేస్తోంది. మిగతా నలుగురూ బాగానే నడుస్తున్నారు కనుక బయటికి ఏ లక్షణమూ కనబడలేదు.

మొదట తోచిన ఉపాయం, తెర క్యూ నిండితే పంపేవారి నుంచి చదవడం ఆపేయడం. కొలత సాకెట్‌ను చదవడం మానేస్తే దాని బఫర్ నిండుతుంది, కొలత తనంతట తానే ఆగుతుంది. రాసి చూశాను. కొలత ఆగింది, దానితో పాటు నిల్వకు, హెచ్చరికకు వెళ్లాల్సిన సందేశాలు కూడా ఆగాయి, ఎందుకంటే అవన్నీ ఒకే సాకెట్‌లో ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. తెర నిద్రపోతే హెచ్చరిక మూగబోవడం ఏ విధంగానూ సమర్థించుకోలేని విషయం. ఇద్దరే ఉన్న చోట ఇలా పంపేవారిని ఆపే వెనకొత్తిడి మంచి పద్ధతి. పలువురు ఒకే ద్వారం గుండా వచ్చే చోట అది ఒకరి జబ్బును అందరికీ అంటిస్తుంది. క్యూఎన్‌ఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పంపే ప్రాసెస్ జవాబు వచ్చేదాకా ఆగే ఉంటుంది కనుక, ఇద్దరు ఒకరికొకరు ఒకేసారి పంపుకుంటే ఇద్దరూ శాశ్వతంగా ఆగిపోతారు. అందుకే పిలుపులు ఎప్పుడూ ఒకే దిశలో సాగేలా ప్రాసెస్‌లను అంచెలుగా పేర్చుకోవాలని ఆ వ్యవస్థలో పని చేసేవారు జాగ్రత్త పడతారు. నా ఐదు ప్రాసెస్‌లలో అలాంటి అంచెలు లేవు.

కాబట్టి ప్రతి ప్రాసెస్ క్యూకూ 256 సందేశాల పరిమితి పెట్టి, అది నిండినప్పుడు సందేశ రకాన్ని బట్టి నడుచుకోవాలని నిర్ణయించాను. జీరోఎంక్యూ కూడా ఇటువంటి నీటిమట్టం గీత ఒకటి పెడుతుంది, అది మామూలుగా 1000 సందేశాలు. గీత దాటితే ప్రచురించే సాకెట్ సందేశాలను వదిలేస్తుంది, పని పంచే పుష్ సాకెట్ ఆగుతుంది. అంటే పరిమితి ఎంత అన్నదానికన్నా, పరిమితి దాటిన సందేశం ఏ స్వభావం గలదన్నదే ముఖ్యం. నా రౌటర్‌లో పిలుపు అయితే, అందుకునేవారి క్యూ నిండిందన్న లోపం పిలిచినవారికి వెంటనే వెళుతుంది. సంకేతం అయితే, అదే విషయం మీద క్యూలో ఉన్న పాత విలువను తీసేసి కొత్తదాన్ని ఉంచుతాను. తెరకు కావలసింది ఇప్పటి ఉష్ణోగ్రత, అరగంట కిందటి మూడు వందల విలువలు కావు. హెచ్చరిక సంకేతాల్లో మాత్రం ఒక్కటి కూడా పోకూడదు, వాటికి జెండా ఉంది. వాటిని కూడా పట్టనంతగా క్యూ నిండితే ఆ ప్రాసెస్ కనెక్షన్ తెంచేస్తాను. తిరిగి వచ్చినప్పుడు అది ఇప్పటి స్థితిని మొదటి నుంచి అడిగి తెలుసుకుంటుంది.

జవాబుల విషయం మీద ఎక్కువగా ఆలోచించాల్సి వచ్చింది. జవాబును పారేస్తే అడిగినవారు అన్యాయమవుతారు, లోపం పంపుదామంటే అది కూడా అదే నిండిన క్యూలోకి వెళ్లాలి. చివరికి, పిలుపును అంగీకరించే క్షణంలోనే పిలిచినవారి క్యూలో జవాబుకు ఒక చోటు కేటాయించి ఉంచాను. చోటు లేకపోతే పిలుపునే తీసుకోను, అంటే వారి సాకెట్‌ను తమ జవాబులు ఖాళీ చేసుకునేదాకా చదవను. ఇక్కడ చదవడం ఆపితే నష్టపోయేది అతిగా అడిగిన ఆ ఒక్కరే కనుక ఇది న్యాయంగానే ఉంది.

ఈ మార్పులలో చేసిన రెండు తప్పులు రాసి ఉంచాలి. పాత విలువను తీసేసేటప్పుడు క్యూ మొదట్లో ఉన్న సందేశాన్ని కూడా తీసేశాను, కానీ దానిలో 30 బైట్లు అప్పటికే సాకెట్‌లోకి వెళ్లిపోయాయి. అవతల తెర మిగతా బైట్ల కోసం చూస్తుంటే కొత్త సందేశం హెడర్ వచ్చి పడింది, 4వ రోజు చూసిన హద్దుల గందరగోళమే ఈసారి తెర వైపు జరిగింది. సగం రాసిన సందేశాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది, సాకెట్ రాయడానికి సిద్ధంగా ఉందా అని ఈపోల్‌ను (ఏ సాకెట్ సిద్ధంగా ఉందో చెప్పే లినక్స్ సౌకర్యాన్ని) అన్ని వేళలా అడుగుతూ ఉంచాను. ఖాళీ సాకెట్ ఎప్పుడూ సిద్ధమే కనుక రౌటర్ నిద్రే పోకుండా ఒక కోర్‌ను పూర్తిగా మింగేసింది. క్యూలో ఏదైనా మిగిలి ఉన్నప్పుడు మాత్రమే ఆ ప్రశ్న అడగాలి.

24వ రోజు

హెచ్చరికలు ముందు చేరాలని ప్రాధాన్యం గల క్యూ పెట్టి, మధ్యాహ్నానికి తీసేశాను. ప్రమాదం మొదలైంది అన్న సంకేతానికి ఎక్కువ ప్రాధాన్యం, ప్రమాదం తొలగింది అన్నదానికి తక్కువ ఇచ్చాను. మొదలైంది, తొలగింది, మళ్లీ మొదలైంది అన్న మూడు సంకేతాలు వరుసగా బయలుదేరాయి. రెండో మొదలైంది, తొలగిందిని దాటుకుని ముందుకు వెళ్లింది. తెరకు చివరగా అందిన మాట తొలగింది. ప్రమాదం కొనసాగుతుండగా తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టు కనబడింది.

ఒకే పంపినవారి నుంచి ఒకే అందుకునేవారికి వెళ్లే సందేశాలు పంపిన క్రమంలోనే చేరాలన్న హామీని ఇక ఏ కారణంతోనూ వదులుకోను. ఆ దృష్టితో చూస్తే 22వ రోజు కోడ్‌లో కూడా ఒక లొసుగు కనబడింది: పాత ఉష్ణోగ్రత ఉన్న చోటే కొత్తదాన్ని పెడుతున్నాను, దాంతో కొత్త విలువ తనకన్నా ముందు బయలుదేరిన సందేశాలను దాటేస్తోంది. ఇప్పుడు పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని క్యూ చివర చేరుస్తున్నాను.

27వ రోజు

నిల్వ నుంచి తెరకు ఒక నెల విలువలు వెళ్లాలంటే ఒక మెగాబైట్ చాలదు. దానికి పరిమితి పెంచకుండా, ఆ సమాచారాన్ని మెమ్‌ఎఫ్‌డీ అనే పేరులేని జ్ఞాపక ఫైల్‌లో పెట్టి, దాని డిస్క్రిప్టర్‌ను మాత్రం సందేశంతో పాటు సాకెట్ ద్వారా పంపుతున్నాను. సమాచారం రౌటర్ గుండా అసలు వెళ్లదు, దాని తాళంచెవి మాత్రమే వెళుతుంది. పంపే ముందు ఆ ఫైల్‌కు కుదించకూడదు, రాయకూడదు అన్న ముద్రలు వేయడం తప్పనిసరి. లేకపోతే తెర చదువుతుండగా నిల్వ ఫైల్‌ను కుదిస్తే తెర సిగ్‌బస్ (లేని జ్ఞాపకాన్ని చదవబోయినందుకు కెర్నల్ పంపే సిగ్నల్) తగిలి చనిపోతుంది. అందుకునేవారు క్యూలో ఉండగా పోతే ఆ డిస్క్రిప్టర్‌ను రౌటర్ మూసివేయాలి. అది మరిచిపోయి ఒక రోజంతా డిస్క్రిప్టర్లు కారిపోతున్నా గమనించలేదు.

30వ రోజు

ఐదు ప్రాసెస్‌లలో ఏదో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని సిగ్‌కిల్‌తో చంపి, మళ్లీ మొదలుపెట్టే చిన్న స్క్రిప్ట్‌ను రాత్రంతా నడిపాను. ఉదయం చిట్టాను చదువుతూ ఒక చోట ఆగాను. తెర, సంఖ్య 212, తన 58వ సీరియల్‌తో నిల్వను అడిగింది. అప్పటి నిల్వ సంఖ్య 209. జవాబు రాకముందే 209 చనిపోయింది. రౌటర్ ఎదురుచూపుల పట్టికలో వెతికి, 58వ సీరియల్‌కు లోపం తయారు చేసి, తెర క్యూలో దానికోసం ముందే ఉంచిన చోట పెట్టింది. ఆ వెనకే నిల్వ అన్న పేరు ఖాళీ అయిందన్న సంకేతం, కొంత సేపటికి ఆ పేరు 213కు దక్కిందన్న సంకేతం వెళ్లాయి. తెర తన 59వ సీరియల్‌తో అదే ప్రశ్నను మళ్లీ పేరు మీద అడిగింది, 213 నుంచి జవాబు వచ్చింది. 209 చావకముందు సాకెట్‌లో సగం రాసి వదిలిన జవాబు తాలూకు 44 బైట్లు దాని బఫర్‌తో పాటే రౌటర్‌లో విడుదలైపోయాయి, అవి తెర దాకా వెళ్లలేదు.